పాస్‌వర్డ్ తప్పు కాదండి, మీ ఎర్రరే తప్పు

వెబ్‌మెయిల్ సర్వీసులు నడిపే కంపెనీల వారికి, డొమైన్లు, హోస్టింగ్ అమ్మేవారికి,

నమస్కారం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం, మండపేట చుట్టుపక్కల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసేవాళ్లం, మెయిల్ సెట్టింగులు పెట్టేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మీ మెయిల్‌ను థండర్‌బర్డ్, ఔట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రాముల్లో కలుపుకోవాలంటే మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోవాలి. మిగతాదంతా మీ సర్వరూ, ఇక్కడి ప్రోగ్రామూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. అందుకు కావలసిన పద్ధతులు చాలావరకు పదేళ్లకు పైగానే ఖరారై ఉన్నాయి. మీలో కొందరు వాటిని పెట్టనే లేదు, ఇంకొందరు సగం పెట్టి వదిలేశారు.

బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు కదా, ఈ గొడవంతా ఎందుకు అంటారేమో. రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసులో ఒక కంటైనర్ కదిలిందంటే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, హెల్త్ సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు అన్నీ స్కాన్లుగా మెయిల్లోనే తిరుగుతాయి. రెండేళ్ల కిందటి లోడు గురించి బయ్యర్ అడిగితే ఆ మెయిల్ అప్పటికప్పుడు దొరకాలి. నరసాపురం లేసు వ్యాపారికైనా, కడియం నర్సరీ వారికైనా, రైస్ మిల్లు గుమాస్తాకైనా ఇదే పని. పైగా ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి సేల్స్ ఐడీ, అకౌంట్స్ ఐడీ, ఓనరు గారి ఐడీ మూడూ చూడాలి. ఇక తుపాన్ల సంగతి చెప్పేదేముంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటు, నెట్ రెండూ పోయినా, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాము డిస్కులోకి దింపి ఉంచిన మెయిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు తెరుచుకుంటుంది.

ముందు సర్వర్ పేర్ల సంగతి. థండర్‌బర్డ్‌లో కొత్త ఖాతా కలపబోతే పేరు, ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. ‘కంటిన్యూ’ నొక్కాక అది మీ డొమైన్ ముందు ‘ఆటోకాన్ఫిగ్’ అని చేర్చి, ఆ చిరునామాలో ‘మెయిల్’ ఫోల్డర్లో ‘కాన్ఫిగ్-వి1.1’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉందేమో అడుగుతుంది. లేకపోతే మీ డొమైన్‌లోనే ‘డాట్ వెల్-నోన్’ అనే ఫోల్డర్ కింద చూస్తుంది. థండర్‌బర్డ్ వాళ్లే పెద్ద పెద్ద సర్వీసుల వివరాలతో ఒక డేటాబేస్ నడుపుతున్నారు, అందులోనూ వెతుకుతుంది. మీ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును బట్టి మెయిల్ ఎవరి దగ్గరుందో కూడా చూస్తుంది. ఇవేవీ కుదరకపోతే ‘ఐమ్యాప్’, ‘మెయిల్’, ‘ఎస్‌ఎంటీపీ’ లాంటి పేర్లు డొమైన్ ముందు తగిలించి, చీకట్లో రాయి వేసినట్టు ఒక్కొక్కటే తట్టి చూస్తుంది. ఔట్‌లుక్ అయితే ‘ఆటోడిస్కవర్’ అనే పేరుతో వెతుకుతుంది.

ఆ ఫైలులో ఉండాల్సింది మహా అయితే పాతిక వరుసలు. తెచ్చుకునే సర్వర్ పేరు, ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్లోనే ఉంచి చూపే పద్ధతి) అని, పోర్టు (సర్వర్లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె) 993, ఎస్‌ఎస్‌ఎల్ (మొదటినుంచే తాళం వేసి మాట్లాడడం). పంపే సర్వర్ (ఎస్‌ఎంటీపీ) పేరు, పోర్టు 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ముందు మామూలుగా పలకరించుకుని తర్వాత తాళం వేయడం). యూజర్ నేమ్ దగ్గర పూర్తి ఐడీ ఇవ్వాలో, అట్ గుర్తుకు ముందు భాగం చాలో. లాగిన్ మామూలు పాస్‌వర్డుతోనో, ఓఆత్‌తోనో (పాస్‌వర్డును ప్రోగ్రాముకు ఇవ్వకుండా మీ లాగిన్ పేజీలోనే ఇచ్చి అనుమతించడం). పాప్ (మెయిల్‌ను కంప్యూటర్లోకి దింపుకునే పాత పద్ధతి) కూడా ఇస్తుంటే దానికి 995. ఇంతే. డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల చిరునామాల పట్టికలో, ఎస్‌ఆర్‌వీ రికార్డులు పెట్టి ఇదే సంగతి చెప్పే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను ఖరారుచేసే పత్రం) 6186గా 2011లోనే వచ్చింది. ఇదంతా ఒక మనిషి ఒక పూటలో ముగించే పని. అది జరగనందువల్ల ఇక్కడ ప్రతి ఆఫీసులో మానిటర్ అంచుకు సర్వర్ పేర్లూ పోర్టులూ రాసిన చీటీ ఒకటి అతికించి ఉంటోంది.

ఆ చీటీలో ఒక్క ముక్క తప్పినా ఏమవుతుందో చూడండి. 465 పోర్టుకు పొరపాటున స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెట్టారనుకుందాం. స్టార్ట్‌టీఎల్‌ఎస్ పద్ధతిలో ముందు సర్వర్ పలకరించాలి, కాబట్టి ప్రోగ్రాము ఆ పలకరింపు కోసం ఆగుతుంది. 465లో ఉన్న సర్వరేమో తాళం సంగతి ప్రోగ్రామే ముందు ఎత్తుతుందని ఆగుతుంది. విస్తరి ముందు గోదావరోళ్లు ఇద్దరు కూర్చుని ‘ముందు మీరు కానివ్వండి’, ‘అబ్బే, మీరే కానివ్వండి’ అనుకున్నట్టు, టైమ్ అయిపోయేదాకా ఇద్దరూ అలాగే ఉంటారు. చివరికి ‘సర్వర్ స్పందించడం లేదు’ అని వస్తుంది. నెట్ పోయిందేమో అని రూటర్ ఆపి ఆన్ చేస్తారు, కేబుల్ నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తారు. అదే 587కి ఎస్‌ఎస్‌ఎల్ పెడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, ఎర్రర్ వెంటనే వస్తుంది. అది నయం, కనీసం కాలయాపన ఉండదు. పాత కాగితాలు చూసి 25 పెట్టేవాళ్లూ ఉన్నారు. అది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పోర్టు. స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు ఇళ్లకూ ఆఫీసులకూ దాన్ని మూసేస్తాయి.

జోహో మెయిల్ సంగతే చూడండి. మన దేశంలో తెరిచిన సొంత ఖాతాకు ఐమ్యాప్ సర్వర్ పేరు ఒకటి, కంపెనీ డొమైన్ ఉన్న ఖాతాకు ‘ఐమ్యాప్‌ప్రో’ అని మొదలయ్యే ఇంకో పేరు. చివర డాట్ ఇన్ ఉండాలి, డాట్ కామ్ కాదు. కంపెనీ డొమైన్‌కు ఇచ్చే ఉచిత ప్లానులో ఐమ్యాప్, పాప్ ఉండవు. ప్రోటాన్ మెయిల్‌కు ‘బ్రిడ్జ్’ అనే చిన్న ప్రోగ్రాము మధ్యలో నడవాలి, అది డబ్బు కట్టిన ప్లాన్లకే. టుటా అయితే ఐమ్యాప్ ఇవ్వదు. ఎవరి వ్యాపారం వారిది, ఎవరి భద్రత లెక్క వారిది, అందులో మాకు పేచీ లేదు. ఆ సంగతి మనిషి వెతుక్కునే సహాయం పేజీలోనే కాక ప్రోగ్రాముకు అర్థమయ్యేలా కూడా చెప్పమంటున్నాం, అంతే.

హోస్టింగ్ అమ్మేవారికి ఇక్కడ వేరేగా చెప్పాలి. మీ షేర్డ్ సర్వర్ మీద వందల డొమైన్లు ఉంటాయి. కస్టమరు సర్వర్ పేరు దగ్గర ‘మెయిల్ డాట్’ అని పెట్టి తన డొమైన్ రాస్తాడు. సర్వర్ అసలైనదేనని రుజువు చేసే మీ సర్టిఫికెట్ మాత్రం మీ సర్వర్ అసలు పేరు మీద ఉంటుంది. రెండూ కలవక హెచ్చరిక వస్తుంది. ‘ఫర్వాలేదు, ఒప్పుకో’ అని నొక్కమని మీ సపోర్టు వాళ్లే చెబుతారు. ఆ అలవాటు పడ్డ గుమాస్తా రేపు నిజంగా దొంగ సర్వర్ ఎదురైనా అదే నొక్కుతాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఉచితం, ప్రతి డొమైన్ ‘మెయిల్’ పేరుకూ తీయించవచ్చు, రెన్యువల్ దానంతటదే అయ్యేలా పెట్టవచ్చు. అదీ కాదంటే ఆటోకాన్ఫిగ్ ఫైలులో సర్టిఫికెట్‌కు సరిపోయే అసలు పేరే ఇవ్వండి.

హోస్టింగ్ నడిపే సీప్యానెల్ సాఫ్ట్‌వేర్ ఆటోకాన్ఫిగ్, ఆటోడిస్కవర్ రికార్డులను తనే పెట్టేస్తుంది. కానీ వెబ్‌సైట్ వేగం కోసం కస్టమరు డీఎన్‌ఎస్‌ను క్లౌడ్‌ఫ్లేర్‌కు మార్చినప్పుడు ఆ రెండు రికార్డులూ వెనకే ఉండిపోవచ్చు. ఇంకో తంటా ఏమిటంటే, అక్కడ ‘మెయిల్’ రికార్డు పక్కన మేఘం బొమ్మ నారింజ రంగులో వదిలేస్తే ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీ పోర్టులు దాటవు. దాన్ని నొక్కి బూడిద రంగులోకి, అంటే డీఎన్‌ఎస్ మాత్రమే అన్నట్టు మార్చాలి. వెబ్‌సైట్ బాగానే తెరుచుకుంటుంది, మెయిల్ మాత్రం రాదు, అందుకే ఎవరికీ అటు అనుమానం పోదు.

ఇప్పుడు అసలు బాధకు వస్తాం. యాహూ 2020 అక్టోబరులో, జీమెయిల్ 2022 మే 30న, ఔట్‌లుక్ డాట్ కామ్ 2024 సెప్టెంబరు 16న మామూలు పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములను రానివ్వడం ఆపేశాయి. ఆపడం మంచిదే. ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడే జనం మనం. తలుపు ఎందుకు వేశారో చెప్పే తీరులోనే తిరకాసు ఉంది. ఇలా మారిన సర్వీసుల్లో జీమెయిల్ ఈ విషయంలో నయం. రెండంచెల లాగిన్ ఉన్న ఖాతాలో ‘యాప్ పాస్‌వర్డ్ కావాలి’ అని, అంటే బయటి ప్రోగ్రాము కోసం విడిగా తీసుకునే పాస్‌వర్డ్ కావాలని, లింకుతో సహా ప్రోగ్రాముకు చెబుతుంది. చాలా సర్వర్లు ‘యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అని ఒక్క మాటతో సరిపెడతాయి.

ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో వరుసగా చెబుతాం. గుమాస్తా పాస్‌వర్డ్ మళ్లీ కొడతాడు, అదే జవాబు. మర్చిపోయామేమో అని ‘ఫర్గాట్’ నొక్కుతాడు. ఓటీపీ ఓనరు గారి ఫోనుకు వెళుతుంది, ఆయన చెరువు గట్టు మీద ఉంటారు. ఎలాగో పాస్‌వర్డ్ మారుతుంది. అప్పటిదాకా చక్కగా నడుస్తున్న ఫోను, రెండో కంప్యూటరు పాత పాస్‌వర్డుతో కొన్ని నిమిషాలకోసారి తడుతూనే ఉంటాయి. ఖాతా లాక్ అవుతుంది. జీమెయిల్‌లో అయితే ప్రధాన పాస్‌వర్డ్ మార్చగానే అంతకుముందు ఇచ్చిన యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి కాబట్టి, వాటితో నడుస్తున్న పక్క టేబుల్ కూడా ఆగిపోతుంది. మొదటి పాస్‌వర్డులో ఏ తప్పూ లేదు. ఈ లాగిన్ పద్ధతి ఇక్కడ చెల్లదు అన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

చెప్పడానికి కోడ్‌లు లేవా అంటే, ఉన్నాయి. ఐమ్యాప్ సర్వర్ ‘కాదు’ అన్నప్పుడు కారణం జతచేసే కోడ్‌లను ఆర్‌ఎఫ్‌సీ 5530లో 2009లోనే ఇచ్చారు: పాస్‌వర్డ్ గడువు తీరింది, అడ్మిన్‌ను కలవండి, ఎన్‌క్రిప్షన్ లేకుండా కుదరదు, పరిమితి దాటింది, స్థలం నిండింది. ‘లాగిన్ కుదరలేదు’ అన్న కోడ్‌ను కావాలనే గుట్టుగా ఉంచారని మాకూ తెలుసు, ఏ ఐడీ నిజమో దొంగకు తెలియకూడదని. కానీ ఓఆత్ తప్పనిసరి అన్న సంగతి అందరికీ ఒకటే, అందులో దాచడానికి ఏముంది? మొదటి పలకరింపులో ఏయే లాగిన్ పద్ధతులు ఒప్పుకుంటారో సర్వర్ జాబితా ఇస్తుంది కదా, మీరు ఒప్పుకోని మామూలు పాస్‌వర్డ్ పద్ధతిని ఆ జాబితాలో ఉంచకండి. ప్రోగ్రాములు రాసేవారికీ ఇక్కడే ఒక మాట: సర్వర్ పంపిన వాక్యాన్ని మింగేసి మీ సొంత వాక్యం చూపించకండి.

ఓఆత్ ఉన్నచోట ప్రోగ్రాములోనే మీ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. థండర్‌బర్డ్ సెట్టింగుల్లో కుకీలు ఆపి ఉంటే ఆ పేజీ ముందుకు కదలదు, తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. ప్రైవసీలో కుకీలు అనుమతిస్తే సరిపోతుంది. ఆ పేజీ చివరన ‘కుకీలు ఆగి ఉన్నాయి’ అని ఒక వాక్యం రాయడం మీకు పెద్ద భారం కాదు. ఔట్‌లుక్.కామ్‌లో ఇంకో మెలిక ఉంది. ఐమ్యాప్, పాప్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి. వెబ్‌లోకి వెళ్లి సెట్టింగ్స్‌లో మెయిల్ కింద ‘ఫార్వర్డింగ్ అండ్ ఐమ్యాప్’లో ఆన్ చేయాలి. ఐమ్యాప్ ఆఫ్‌లో ఉందని చెప్పడానికీ ‘పాస్‌వర్డ్ తప్పు’ అన్న జవాబే వాడితే మనిషి ఎటు పోవాలి?

చిన్న ప్రోగ్రాములకు మీ ఓఆత్ ఇంకో గోడ. ఒక్కో మెయిల్ ప్రోగ్రాము మీ ఒక్కొక్కరి దగ్గరా విడిగా రిజిస్టర్ కావాలి. జీమెయిల్‌లో మెయిల్ మొత్తం చూసే అనుమతి ‘నియంత్రిత’ తరగతిలో ఉంది, దానికి గూగుల్ తనిఖీల తతంగం ఉంటుంది. జీతం లేకుండా, ఇష్టంతో రాసే వాళ్లు అది ఎక్కడ తట్టుకుంటారు? ప్రోగ్రాము తనంతట తాను నమోదు చేసుకునే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 7591గా 2015 నుంచీ ఉంది. దాన్ని తెరవండి.

లాక్ గురించి ఇంకొకటి. తప్పు లాగిన్లు ఎక్కువైతే హోస్టింగ్ సర్వర్ ఐపీ చిరునామాను ఆపేస్తుంది. మా వైపు కేబుల్ నెట్‌లో ఒకే ఐపీని ఎన్నో ఇళ్లూ ఆఫీసులూ పంచుకుంటాయి. ఎవరి ఫోనో పాత పాస్‌వర్డుతో తట్టినందుకు ఆ వీధి మొత్తానికి మెయిల్ ఆగిపోతుంది. కనిపెట్టడం తేలికే: అదే కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడాలి. అక్కడ మెయిల్ వస్తే ఐపీ ఆగినట్టే. ఐపీ ఒక్కటే చూసి ఆపకండి, ఐడీనీ ఐపీనీ కలిపి చూసి ఆపండి.

లోపలికి వచ్చాక కూడా మీరు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. పంపిన మెయిళ్ల ఫోల్డర్ ఒకచోట ‘సెంట్’, ఒకచోట ‘సెంట్ ఐటమ్స్’, ఇంకోచోట ‘సెంట్ మెయిల్’. జీమెయిల్ భాషను తెలుగుకు మారిస్తే ఐమ్యాప్‌లో ఫోల్డర్ పేర్లూ మారతాయి. పేరు చూసి పోల్చుకునే ప్రోగ్రాము తికమకపడి కొత్త ‘సెంట్’ ఒకటి తయారుచేస్తుంది. ‘మొన్న పంపిన కొటేషన్ కనపడట్లేదండి’ అంటే చాలాసార్లు అది పక్క ‘సెంట్’లోనే ఉంటుంది. పేరు ఏదైనా సరే, ఇది పంపినవాటి ఫోల్డర్, ఇది చెత్తబుట్ట, ఇది డ్రాఫ్టులది అని గుర్తు తగిలించే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 6154, అదీ 2011దే. దాన్ని పెట్టండి.

జీమెయిల్ తన ఎస్‌ఎంటీపీ ద్వారా వెళ్లిన ప్రతి మెయిల్ కాపీనీ తనే ‘సెంట్’లో పెట్టుకుంటుంది. ప్రోగ్రాము కూడా ఇంకో కాపీ ఎక్కిస్తే 8 ఎంబీ స్కాన్ రెండుసార్లు అప్‌లోడ్ అవుతుంది. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో ‘ప్లేస్ ఎ కాపీ ఇన్’ టిక్ తీసేయాలి. కాపీ పెట్టుకుంటానో లేదో సర్వరే చెప్పే ఏర్పాటు ఉంటే ఈ టిక్‌తో మనిషికి పని లేదు.

పరిమితుల లెక్క కూడా చూడండి. ఒక జీమెయిల్ ఖాతాకు ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లు. థండర్‌బర్డ్ మామూలుగా ఖాతాకు 5 దాకా తెరుచుకుంటుంది. సేల్స్ ఐడీని మూడు కంప్యూటర్లలో పెట్టారంటే 15 అయిపోయాయి. ఓనరు గారి ఫోనులోని మెయిల్ యాప్ ఐమ్యాప్‌తో తట్టగానే ఎవరో ఒకరికి ‘కనెక్షన్లు ఎక్కువయ్యాయి’ అని వస్తుంది. ఒక్కోసారి ఒక్కొక్కరికి వస్తుంది కాబట్టి కంప్యూటర్ పాడైందనుకుంటారు. సర్వర్ సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్’ తెరిచి ఆ 5ను 2 చేస్తే తగాదా తీరిపోతుంది. ఇంకొకటి, ఐమ్యాప్ ద్వారా రోజుకు 2,500 ఎంబీ దాకే దింపుకోనిస్తారు. 12 జీబీ పాత మెయిల్ ఉన్న ఖాతాను కొత్త కంప్యూటర్లో పెడితే ఐదు రోజులు పడుతుంది. మధ్యలో ఆగినప్పుడు ఖాతాను తీసేసి మళ్లీ మొదటినుంచి కలుపుతారు పాపం, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ‘ఈ రోజు కోటా అయింది, రేపు మిగతాది’ అని ప్రోగ్రాముకు చెప్పండి, ఎవరూ తొందరపడరు.

అటాచ్‌మెంట్ల దగ్గరా ఇంతే. 25 ఎంబీ పరిమితి అంటారు, 22 ఎంబీ ఫైలు పెడితే వెనక్కి వస్తుంది. మెయిల్లో ఫైలు అక్షరాలుగా మారి వెళుతుంది, ప్రతి 3 బైట్లకూ 4 అక్షరాలు, వరుస విరుపులతో కలిపి 37 శాతం దాకా పెరుగుతుంది. అందుకే 18 ఎంబీ దాటకూడదని ఇక్కడ చెబుతుంటాం. 300 డీపీఐ రంగుల స్కాన్‌ను 200 డీపీఐ గ్రేలో తీస్తే చాలావరకు ఆ గొడవే ఉండదు. ఎస్‌ఎంటీపీలో పరిమితి ఎంతో ముందే చెప్పే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఆ అంకెను సరిగ్గా ఇవ్వండి. ఫైలంతా ఎక్కాక కాదనడం కంటే గుమ్మంలోనే చెప్పడం మర్యాద.

తెలుగు గురించి కొంచెం. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను మెయిల్లో అతికిస్తే అవతల ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది, అది మీ తప్పు కాదు. పీడీఎఫ్ చేసి పంపాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చాలి. కానీ యూనికోడ్‌లో ‘కౌలు పత్రం’ అని పేరుపెట్టిన ఫైలు అవతల శాతం గుర్తుల దండలా దిగుతుందంటే అది ప్రోగ్రాముల తప్పే. తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, ఆ దండలో ఒక్క ‘క’ 9 గుర్తులవుతుంది. పేరు మరీ పొడుగైతే మధ్యలో తెగి, చివరి పీడీఎఫ్ ముక్క కూడా ఊడిపోయి, ఏ ఫైలో విండోస్‌కు తెలియకుండా పోతుంది. మీ వెబ్‌మెయిల్ నుంచి తెలుగు పేరున్న ఫైలు పంపి, థండర్‌బర్డ్‌లోనూ ఔట్‌లుక్‌లోనూ దింపి చూశారా ఎప్పుడైనా?

చివరగా మీరు చేయాల్సిన పరీక్ష. బ్రౌజర్ తెరిచి, ‘ఆటోకాన్ఫిగ్’ అని కొట్టి, చుక్క పెట్టి, మీ డొమైన్ రాసి, గీత తర్వాత ‘మెయిల్’, మళ్లీ గీత తర్వాత ‘కాన్ఫిగ్-వి1.1’, చుక్క, ‘ఎక్స్‌ఎంఎల్’ కొట్టండి. సర్వర్ పేరు, 993 అనే అంకె ఉన్న పాతిక వరుసల పేజీ వస్తే సరే. 404 వస్తే ఈ ఉత్తరం మీకే. ఫైలు పెట్టాక ఎప్పుడూ మీ మెయిల్ వాడని కంప్యూటర్లో థండర్‌బర్డ్ వేసి, ఐడీ, పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ టైప్ చేయకుండా ఖాతా కలపండి. ఒక మెయిల్ పంపి, అది ‘సెంట్’లో ఒక్కసారే కనపడిందో లేదో చూడండి. ఆ తర్వాత కావాలనే పాత పద్ధతి లాగిన్ పెట్టి, స్క్రీన్ మీద ఏ వాక్యం వస్తుందో చదవండి.

ఇట్లు,
గోదావరి డెల్టా ఊళ్లలో మెయిల్ సెట్టింగులు పెట్టే కంప్యూటర్ సర్వీసు పనివాళ్లం